మామయ్య 110 సెకన్లు

2024 డిసెంబర్ వచ్చేసరికి ఆఫీసులో నా సెలవులు ఇంకో ఐదు మిగిలి ఉన్నాయి. 31 దాటితే అవి గంగలో కలిసినట్టే. మావాడిది మిషనరీ స్కూలు కాబట్టి క్రిస్మస్‌కి వారం రోజులు ఇంట్లోనే ఉంటాడు. మా ఆయన గోవా అన్నాడు, నేను అరకు అన్నాను, ఆ గొడవ తేలకముందే 30వ తేదీ రాత్రి శ్రీహరికోటలో పీఎస్ఎల్వీ రాకెట్ ఎగురుతుందని వార్త చూశాను. వెంటనే సైదాబాద్‌లో ఉండే మామయ్యకి ఫోన్ చేశాను.

"మల్లా?" అన్నాడు.

ఆ "మల్లా" వెనక ఐదేళ్ల కథ ఉంది. 2019 జులైలో చంద్రయాన్-2 కోసం నేను, మా తమ్ముడు, మామయ్య రైల్లో గూడూరు దాకా వెళ్లి, అక్కడి నుంచి సూళ్లూరుపేట చేరి, గ్యాలరీలో అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. ప్రయోగం తెల్లవారుజామున 2:51కి. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూడా వచ్చారు. జనం జెండాలు ఊపుతున్నారు, పిల్లలు బుగ్గల మీద రంగులు వేయించుకున్నారు, అంతా జాతరలా ఉంది. ఇంకో 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా స్క్రీన్ మీద అంకెలు ఆగిపోయాయి. మొదట ఎవరికీ అర్థం కాలేదు, టీవీ పాడైంది అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. కాసేపటికి రాకెట్‌లో సాంకేతిక లోపం, ఇవాళ్టికి లేదు అని మైకులో చెప్పారు. వేల మంది ఒకేసారి లేచి ఆ చీకట్లో బస్సుల వైపు నడుస్తుంటే పెళ్లి ఆగిపోయిన ఇంటి నుంచి వెళ్తున్నట్టే ఉంది. మా తమ్ముడు తిట్టుకుంటూనే ఉన్నాడు. మామయ్య మాత్రం "ఆపిండ్రంటే మంచిదే బిడ్డా. పేల్చుకునేకంటే ఆపుకునుడు నయం" అని టీ తాగడానికి దారి తీశాడు. సరిగ్గా వారానికి, 22న మధ్యాహ్నం 2:43కి, అది చక్కగా లేచింది. నేను ఆఫీసు క్యాంటీన్‌లో ఫోన్‌లో చూశాను. మామయ్య ఇంట్లో టీవీలో చూశాడు.

మామయ్య గురించి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. ఆయన కంచన్‌బాగ్‌లో మిధాని అనే ప్రభుత్వ లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి 2013లో రిటైరయ్యాడు. ఆఫీసు ఉద్యోగం కాదు, ఉక్కు కరిగించే చోట, ఫర్నెస్ దగ్గర. మా చిన్నప్పుడు ఆయన డ్యూటీ నుంచి వస్తే చొక్కా నుంచి ఒకరకమైన కాలిన వాసన వచ్చేది, అత్తయ్య ఆ బట్టలు వేరే బకెట్‌లో నానబెట్టేది. ఏం తయారు చేస్తారు మామయ్యా అంటే "ఇనుము" అనేవాడు, అంతే. ఆ ఇనుము పేరు మరేజింగ్ స్టీల్ అని, పీఎస్ఎల్వీలో అన్నిటికంటే కింద ఉండే మొదటి దశ గొట్టం దాంతోనే చేస్తారని నాకు ఇంజనీరింగ్‌లో చేరాక గానీ తెలియలేదు.

ఈ సారి ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరవగానే నేను ల్యాప్‌టాప్‌లో, మా ఆయన ఫోన్‌లో, తత్కాల్ టికెట్‌కి కూర్చున్నట్టు కూర్చుని ఐదుగురికీ పాసులు పట్టాం. అత్తయ్య రానంది మొదట. "నేనెందుకే, ఆ పొగ చూడనీకి ఐదొందల కిలోమీటర్లా?" అంది. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి ఉంది, ఇస్రో వాళ్లు కూడా ప్రయోగానికి ముందు అక్కడ మొక్కుతారు అన్నాను. దాంతో సగం ఒప్పుకుంది. మిగతా సగం బొబ్బర్లు ఒప్పించాయి. ఆ రాకెట్‌లో ఎనిమిది బొబ్బర గింజలు పెట్టి అంతరిక్షంలో మొలకెత్తుతాయో లేదో చూస్తారట అని చెప్పేసరికి ఆమె కళ్లజోడు సర్దుకుని "బొబ్బర్లా? మనం తినేటివేనా?" అని రెండుసార్లు అడిగింది.

28న పొద్దున ఐదింటికి బయల్దేరాం. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు ఎక్కితే మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి మీదుగా ఒంగోలు ముందు హైవేలో కలుస్తాం. విజయవాడ తిరిగి వెళ్లే పని లేదు. దారిలో అత్తయ్య కట్టిన పులిహోర, సర్వపిండి. నెల్లూరులో రాత్రి ఆగి చేపల పులుసు తిన్నాం, దాని గురించి రాస్తే ఇది వేరే పోస్టు అయిపోతుంది కాబట్టి వదిలేస్తున్నా. మర్నాడు నేలపట్టు వెళ్లాం. చెరువులో మునిగిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని, సంచుల్లాంటి ముక్కులతో, ఒక్కో చెట్టూ కిక్కిరిసిన సిటీ బస్సులా ఉంది. మావాడు అక్కడి నుంచి రానని మొండికేశాడు.

సూళ్లూరుపేటలో లాడ్జి సంగతి చెప్పాలి. ఫోన్‌లో రెండు వేలు అన్న గదికి వెళ్లాక నాలుగున్నర అన్నాడు. అదేంటండీ అంటే "రాకెట్ కదమ్మా" అన్నాడు, ఆ ఒక్క ముక్కతో అన్నీ తేలిపోయినట్టు. గీజరు కూడా పనిచేయలేదు. రాకెట్ చూడ్డానికి వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: నెల్లూరులోనో నాయుడుపేటలోనో ఉండండి. ఆ ఊరి వాళ్లకి మాత్రం ఇదంతా మామూలే. టిఫిన్ సెంటర్‌లో దోసెలు వేస్తున్నాయన్ని "మీరు చూస్తారా సార్ రాకెట్?" అని మావాడు అడిగితే "చప్పుడొస్తే తల పైకెత్తుతా బాబూ, దోసె మాడకుండా ఉంటే" అన్నాడు.

చెంగాళమ్మ గుడికి పొద్దున్నే వెళ్లొచ్చాం. కాళంగి నది ఒడ్డున ఉంటుంది. ఈ గుడికి తలుపులు వేయరని అక్కడివాళ్లు చెప్తారు. అత్తయ్య చాలాసేపు నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఏం మొక్కుకున్నావ్ అంటే "మీ మామయ్యకు ఈసారన్న కనబడాలని" అంది. బొబ్బర్ల మాట ఎత్తలేదు.

సాయంత్రం శ్రీహరికోట వైపు బయల్దేరాం. ఊరు దాటగానే రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ సరస్సు. నీళ్లలో దూరంగా గులాబీ రంగు మచ్చల్లా ఫ్లెమింగోలు, వాటి వెనక పొద్దు వాలుతోంది. శ్రీహరికోట అంటే నిజానికి ఈ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య పొడుగ్గా పడున్న ఒక దీవి. ఇక్కడే ఎందుకు పెట్టారమ్మా అని మావాడు అడిగాడు. భూమి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పుకి వదిలితే ఆ ఊపు కలిసొస్తుందని, ఏదైనా తేడా వస్తే కింద ఊళ్లు కాకుండా సముద్రం ఉంటుందని చెప్పాను. 1971లో ఇక్కడి నుంచి మొదటిసారి ఎగిరింది చిన్న రోహిణి రాకెట్, 125 మిల్లీమీటర్ల లావుది, అంటే మన బాత్రూమ్ పైపు కంటే కాస్త పెద్దది. వాడికి ఈ పైపు సంగతే నచ్చింది.

గ్యాలరీ అంటే స్టేడియంలో లాగా మెట్లు, ముందర పెద్ద తెరలు. దూరంగా చెట్ల పైన తెల్లటి లైట్ల గుత్తి, అదే లాంచ్ ప్యాడ్. మేం ఏడింటికల్లా కూర్చున్నాం. చలి లేదు, దోమలు మాత్రం ఉన్నాయి. మా వెనక వరసలో ఏదో కాలేజీ పిల్లలు, పక్కన తమిళ కుటుంబం, వాళ్ల బామ్మ అత్తయ్యకి మల్లెపూలు ఇచ్చింది, అత్తయ్య ఆమెకి సర్వపిండి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా మోకాళ్ల నొప్పుల గురించి అరగంట మాట్లాడుకున్నారు.

మామయ్య మాట్లాడలేదు. చూస్తే చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆ లైట్ల వైపే చూస్తున్నాడు. నేనే కదిలించాను, ఇది బూస్టర్లు లేని రకమంట కదా అని. అప్పుడు మొదలుపెట్టాడు, ముప్పై ఏళ్లలో నాతో ఎప్పుడూ ఇంత చెప్పలేదు.

"పక్కకు బూస్టర్లు లేవు. ఒక్కటే మోటారు మొత్తం లేపాలె. గట్టి ఇంధనం ఉంటది చూడు, దానికి వేరే పొయ్యి ఉండదు బిడ్డా, ఆ గొట్టమే పొయ్యి. లోపల మంట, ప్రెషరు, అంతా ఆ గొట్టమే తట్టుకోవాలె. మందం పెంచుదమంటే బరువైతది, ఎగరది. పలచగ చేద్దమంటే పలిగిపోతది. అందుకే గా ఉక్కు."

ఆ ఉక్కులో కార్బన్ దాదాపు ఉండదట, నికెల్ 18 శాతం, ఇంకా కోబాల్ట్, మాలిబ్డినం, కాస్త టైటానియం. గాలి తగలకుండా వ్యాక్యూమ్‌లో కరిగించాలి, పోతపోసింది మళ్లీ ఇంకోసారి వ్యాక్యూమ్‌లోనే కరిగించాలి. ఒక్కో విడతని వాళ్లు హీటు అంటారు, ప్రతి హీటుకీ ఒక నంబరు. మెత్తగా ఉన్నప్పుడే వంచి, వెల్డింగ్ చేసి, చివర్లో 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే అప్పుడు గట్టిపడుతుంది. "పచ్చిగున్నప్పుడు చెప్పినట్టు వింటది, వేడిల కూసోబెడితే మొండికేస్తది, మీ అత్త లెక్క" అన్నాడు. అత్తయ్య వినలేదు, బామ్మతో బిజీగా ఉంది.

1993 సెప్టెంబర్‌లో మొదటి పీఎస్ఎల్వీ విఫలమైనప్పుడు వాళ్ల ఫర్నెస్ షెడ్డులో ఎవరూ అన్నం తినలేదట. రెండు రోజులు భయం, మన గొట్టమే పలిగిందేమోనని. రెండో దశ, మూడో దశ విడిపోయే చోట తేడా వచ్చిందని తెలిశాక మా సూపర్వైజరు డబ్బా విప్పిండు అని నవ్వాడు. అంటే రాకెట్ పోయినందుకు సంతోషమా మామయ్యా అన్నాను. "సంతోషం గాదు. నీ బిడ్డ గొడవల లేడని తెలిస్తే ఎట్లుంటది? గట్ల."

"మరి మన భాగం ఎంతసేపు పనిచేస్తుంది?"

"110 సెకన్లు. అటీటు ఒకటి రెండు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, సముద్రంల పడతది."

ఇది నాకు తెలియని విషయం కాదు. కింది దశలు కాలిపోయాక విడిపోయి సముద్రంలో పడతాయని స్కూలు పిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ గొట్టంలోని ఉక్కు కరిగించిన మనిషి పక్కన కూర్చుని, నెలల తరబడి చేసిన పనికి రెండు నిమిషాలు కూడా ఆయుష్షు లేదని ఇంత తేలిగ్గా అంటుంటే ఏమనాలో తోచలేదు. పల్లీలు తింటావా అన్నాను.

ప్రయోగం 9:58కి అనుకున్నది 10 దాటి 15 సెకన్లకి మార్చారు. ఆ టైము తెలియగానే మామయ్య నా వైపు తిరిగి "మల్ల ఆపిండ్రా?" అన్నాడు. ఆ గొంతులో 2019 ఉంది. లేదు లేదు, పైన ఆ దారిలోకి ఇంకేదో ఉపగ్రహం వస్తుందట, అది పోనిచ్చి వదులుతారట, రెండే రెండు నిమిషాలు అని చెప్పాను. మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఆగినట్టే అన్నాడు మా ఆయన. మామయ్య నవ్వలేదు. ఆయనకి టెన్షన్ పట్టుకుంది, నాకూ అంటుకుంది. మావాడైతే రెండుసార్లు బాత్రూమ్‌కి పోయొచ్చాడు.

చివరి పది అంకెలు గ్యాలరీ మొత్తం అరిచింది, తెలుగు, తమిళం, ఇంగ్లిష్ కలగలిసి. సున్నా దగ్గర చెట్ల వెనక నుంచి నారింజ రంగు వెలుగు, ఎవరో కింద నుంచి గడ్డివాముకి నిప్పు పెట్టినట్టు. మబ్బుల అడుగుభాగం కూడా ఎర్రబడింది. ఆ చుట్టుపక్కల చెట్లలో పడుకున్న పిట్టలు ఒక్కసారిగా లేచాయి. ఆ వెలుగులో పక్కవాళ్ల ముఖాలు, అత్తయ్య మల్లెపూలు, మెట్ల మీద పడేసిన నీళ్ల సీసాలు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. అప్పటికి చప్పుడు లేదు. నిప్పు ముద్ద చెట్ల పైకి వచ్చి, నిలబడి, ఎక్కడం మొదలుపెట్టింది, ఇంకా చప్పుడు లేదు. కాలేజీ పిల్లల కేకలే వినబడుతున్నాయి. ఆ తర్వాత వచ్చింది. టీవీలో ఎన్నిసార్లు చూసినా ఆ చప్పుడు టీవీలో పట్టదు, అది ఒక శబ్దం కాదు, వేల రేకుల కప్పుల మీద ఒకేసారి వడగళ్లు పడుతున్నట్టు చిటపటల మీద చిటపటలు. అత్తయ్య ఒళ్లో ఖాళీ స్టీలు డబ్బా ఉంది, దాని మూత గలగలమని వణుకుతుంటే ఆమె రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

నేను వీడియో తీయలేదు. ముందే అనుకున్నాను తీయకూడదని. అందుకే మామయ్య చేయి చూడగలిగాను.

ఆయన కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తోంది. జపం చేసుకునేవాళ్లు లెక్కపెట్టుకుంటారే, అలా. నాలుగు వేళ్లకి మూడేసి కణుపులు, ఒక చుట్టు తిరిగితే పన్నెండు. ప్రతి చుట్టుకీ ఎడమచేతి వేలు ఒకటి ముడుస్తున్నాడు. కళ్లు మాత్రం ఆకాశంలో ఉన్నాయి. ఆ నిప్పు సముద్రం మీదుగా ఒరుగుతూ చిన్నదవుతోంది, వెనక తెల్లటి పొగదారి దానంతట అదే వంకర్లు తిరుగుతోంది. ఐదు వేళ్లూ అయిపోయాక మళ్లీ మొదటి నుంచి మడిచాడు. తొమ్మిది చుట్లు, 108. ఇంకో రెండు కణుపులు.

వెలుగు ఒక్కసారిగా సన్నబడింది. మొదటి దశ విడిపోయిందని మైకులో చెప్పారు. గ్యాలరీ చప్పట్లు కొట్టింది. మామయ్య బొటనవేలు అక్కడే ఆగిపోయి ఉంది, తీయలేదు.

"అయిపోయిందా తాతా?" అన్నాడు మావాడు.

"నాది అయిపోయింది. ఇంకా మూడు దశలున్నయి" అన్నాడు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. చుక్క కనుమరుగైన రెండు నిమిషాల్లో సగం గ్యాలరీ ఖాళీ. పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని పరుగు. అసలు పని ఇంకా జరగనే లేదు, ఉపగ్రహాలు విడిపోవడానికి పావుగంట పడుతుంది, అప్పటిదాకా ఉంటే కదా అది గెలిచిందో ఓడిందో తెలిసేది. తీర్థానికి వెళ్లి ధ్వజస్తంభం చూసి తిరిగొచ్చినట్టు. మేం ఉన్నాం, తమిళ బామ్మ వాళ్లు ఉన్నారు. ఒక్కోటి 220 కిలోల ఉపగ్రహాలు, రెండూ 475 కిలోమీటర్ల ఎత్తులో ఒకదాని తర్వాత ఒకటి విడిపోయాయని తెర మీద చూపించాక అప్పుడు లేచాం. పార్కింగ్‌లో గంటన్నర ఇరుక్కున్నాం, అది వేరే సంగతి.

ఆ రెండూ అక్కడ కాస్త దూరంగా జరిగి, మళ్లీ దగ్గరకొచ్చి, రైలు బోగీల్లా ఒకదానికొకటి తగులుకోవాలి, స్పేడెక్స్ అంటే అదే. తేదీ రెండుసార్లు వాయిదా పడి, 2025 జనవరి 16న తగులుకున్నాయి. అమెరికా, రష్యా, చైనా తర్వాత మనమే. బొబ్బర్లు అయితే అంతకంటే ముందే, నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. అవి ఆ రాకెట్ నాలుగో దశలోనే ఉండేవి, దాన్ని వెంటనే పారేయకుండా కొన్నాళ్లు పైనే తిప్పుతూ చిన్న ప్రయోగశాలలా వాడుకున్నారు. ఆకులు కూడా వచ్చాయని ఫోటో చూపిస్తే అత్తయ్య "నీళ్లెవరు పోస్తున్నరట?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

తిరుగు ప్రయాణంలో 31న మామయ్య ఎన్నడూ లేనిది తనే ఒకటి అడిగాడు, సముద్రం దగ్గర ఒకసారి ఆపుతారా అని. నెల్లూరు నుంచి మైపాడు బీచ్ దగ్గరే, తిప్పాం. సంవత్సరం ఆఖరి రోజు కాబట్టి జనం బాగానే ఉన్నారు, కుర్రాళ్లు కేకులు, పాటలు. మామయ్య చెప్పులు కారులో వదిలేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, నీళ్లలోకి నడిచాడు. మావాడు వెనకాలే పరిగెత్తాడు. మామయ్య వాడి భుజం పట్టుకుని దక్షిణం వైపు చూసి, కాస్త తూర్పుకి తిరిగి, చేయి చాపి ఏదో చూపించాడు. అలల హోరులో నాకు మాటలు వినబడలేదు. వాడు కూడా చేయి చాపి అటే చూపిస్తున్నాడు.

"ప్యాంటు తడుస్తుంది, ఇంక ఇంటికి ఐదొందల కిలోమీటర్లు అట్లనే కూసుంటావా?" అని అత్తయ్య ఒడ్డు నుంచి అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.